స్వీడన్ వారు అమెరికాలో ఎక్కడ ఊళ్ళు కట్టుకున్నారు?

సభకు నమస్కారం.

అమెరికా జనాభా లెక్కలను ముందు పెట్టుకుని, స్వీడన్ మూలాలున్న కుటుంబాలు ఎక్కువగా ఉన్న కౌంటీలకు, అంటే మన జిల్లాల వంటి విభాగాలకు, రంగు వేసి చూస్తే, ఆ రంగు మిన్నెసోటా మధ్యభాగంలో బాగా చిక్కబడుతుంది. అక్కడి నుండి తూర్పున విస్కాన్సిన్ వాయవ్య భాగం, దక్షిణాన అయోవా, ఇల్లినాయ్ ఉత్తరార్ధం, పడమట నార్త్ డకోటా, సౌత్ డకోటా రాష్ట్రాలు, నెబ్రాస్కా, కాన్సాస్‌లలో విడివిడిగా కొన్ని ఊళ్ళు, చిట్టచివర పసిఫిక్ తీరాన వాషింగ్టన్ రాష్ట్రం కనిపిస్తాయి. ఈ పటం చూడగానే ఎవరికైనా వెంటనే తోచే వివరణ ఒకటుంది. చలిదేశపు మనుషులు చలి ప్రాంతాన్నే వెతుక్కున్నారని, సరస్సులను, పైన్ అడవులను చూసి తమ ఊరే మళ్ళీ దొరికిందనుకున్నారని అంటారు. ఈ వివరణ వినడానికి ఇంపుగా ఉంటుంది, దీనిలో నిజం బొత్తిగా లేదని కూడా అనను. కాని ఇది పటంలోని సగం ఊళ్ళకు జవాబు చెప్పలేదు. టెక్సస్ పత్తిపొలాల మధ్య స్వీడిష్ చర్చి గోపురం ఎందుకు లేచిందో, చెట్టు మచ్చుకైనా కనిపించని కాన్సాస్ గడ్డి మైదానంలో స్వీడన్‌లోని వెర్మ్‌లండ్ అడవుల నుండి వచ్చిన రైతులు ఎందుకు ఆగారో వాతావరణం చెప్పదు. ఒక కుటుంబం ఏ సంవత్సరంలో ఓడ దిగింది, ఆ సంవత్సరంలో చవక భూమి ఎక్కడ దొరుకుతోంది, వారి ఊరివాడు అంతకుముందే ఎక్కడి నుండి ఉత్తరం రాశాడు అన్న మూడు విషయాలు తెలిస్తే, ఆ కుటుంబం ఎక్కడ స్థిరపడి ఉంటుందో చాలావరకు ఊహించవచ్చు. ఈ సాయంత్రం నేను నిరూపించదలచుకున్నది ఈ ఒక్క మాటనే.

మొదటి స్వీడిష్ స్థావరం గురించి త్వరగా చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే తరువాతి పటంతో దానికి పెద్దగా సంబంధం లేదు. 1638లో కల్మార్ నికెల్, ఫోగెల్ గ్రిప్ అనే రెండు ఓడలు డెలావేర్ నది ముఖానికి వచ్చి, ఇప్పటి విల్మింగ్టన్ నగరం ఉన్నచోట స్వీడన్ రాణి పేరుమీద ఫోర్ట్ క్రిస్టినా అనే కోట కట్టాయి. ఆ వలస రాజ్యం పదిహేడేళ్ళు మాత్రమే నిలిచి, 1655లో డచ్చివారి వశమైంది. అక్కడికి వచ్చినవారిలో అడవులు నరికి సాగు చేసే ఫిన్నిష్ జనం కూడా ఉన్నారు. దుంగల మీద దుంగలు పేర్చి ఇల్లు కట్టే పద్ధతిని అమెరికాకు తెచ్చింది ఈ వలసే అన్న అభిప్రాయం చాలామంది చరిత్రకారులలో ఉంది. ఫిలడెల్ఫియాలో గ్లోరియా దేయి చర్చి, విల్మింగ్టన్‌లో పాత స్వీడిష్ చర్చి ఈనాటికీ నిలిచి ఉన్నాయి. ఆ తరువాత దాదాపు రెండు వందల ఏళ్ళపాటు స్వీడన్ నుండి చెప్పుకోదగ్గ వలస లేదు.

అసలు కథ 1840లలో మొదలవుతుంది. స్వీడన్ ప్రభుత్వం దేశం విడిచి వెళ్ళడంపై ఉన్న ఆంక్షలను 1840లో సడలించగా, మరుసటి ఏడాది గుస్తాఫ్ ఉనోనియస్ అనే విద్యావంతుడు కొద్దిమందితో విస్కాన్సిన్‌లోని పైన్ లేక్ ఒడ్డున న్యూ ఉప్సాలా అనే చిన్న స్థావరం ఏర్పరిచాడు. అది వ్యవసాయం తెలియని చదువుకున్నవారి ప్రయత్నం, ఎక్కువ కాలం సాగలేదు. అయితే అక్కడి నుండి స్వీడన్‌కు వెళ్ళిన వార్తలు పని చేశాయి. 1845లో ఊస్టర్‌యోట్లండ్ ప్రాంతంలోని కీసా నుండి పీటర్ కాసెల్ అనే రైతు, తన బంధువులను, ఇరుగుపొరుగువారిని వెంటబెట్టుకుని ఆ పైన్ లేక్‌కే పోదామని బయలుదేరాడు. న్యూయార్క్‌లో దిగాక, అప్పటికే దేశం చూసివచ్చిన మరో స్వీడన్‌వాడు అయోవా నేల మేలని చెప్పగా దారి మార్చి, అక్కడి జెఫర్సన్ కౌంటీలో న్యూ స్వీడన్ అనే ఊరు పెట్టాడు. విస్కాన్సిన్‌కు చేరవలసిన ఒక గుంపు అయోవాకు చేరడానికి రేవులో విన్న ఒక సలహా చాలింది. కాసెల్ ఇంటికి రాసిన ఉత్తరాలను స్వీడన్ పత్రికలు అచ్చు వేశాయి. ఆ ఉత్తరాలు చదివిన కీసా చుట్టుపక్కల కుటుంబాలు వరుసగా అయోవా దారి పట్టాయి.

వీరంతా దేనిని తప్పించుకుని వెళ్ళారో ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దంలో స్వీడన్ జనాభా వేగంగా పెరిగింది, సాగునేల అంత వేగంగా పెరగలేదు. స్మోలండ్ వంటి రాళ్ళనేలలో తండ్రి చేసిన చిన్న కమతాన్ని అన్నదమ్ములు పంచుకుంటే ఎవరికీ పూట గడవని పరిస్థితి ఏర్పడింది. భూమి లేని కూలీల సంఖ్య పెరిగింది. దీనికి మత నిర్బంధం తోడైంది. 1726 నాటి ఒక చట్టం ప్రకారం, ప్రభుత్వ చర్చి అనుమతి లేకుండా ఇళ్ళలో కూడి ప్రార్థన చేయడం నేరం. ఆ చట్టం 1858 దాకా అమలులో ఉంది. ఎరిక్ యాన్సన్ అనే బోధకుడు, మధ్య స్వీడన్‌లోని హెల్సింగ్‌లండ్ తదితర ప్రాంతాల అనుయాయులతో 1846లో ఇల్లినాయ్ రాష్ట్రం చేరి బిషప్ హిల్ అనే ఉమ్మడి ఆస్తి స్థావరం కట్టడానికి కారణం ఇదే. మొదటి చలికాలం వారు గట్టు తవ్వుకుని నేలలో ఇళ్ళు చేసుకున్నారు, ఎంతోమంది చనిపోయారు. 1849లో కలరా వచ్చింది. 1850లో యాన్సన్‌ను కోర్టు ఆవరణలోనే ఒకడు కాల్చి చంపాడు. 1861లో ఉమ్మడి ఆస్తిని పంచుకున్నారు. ఈ స్థావరాన్ని చాలామంది ఒక విఫల ప్రయోగంగానే చెబుతారు, నేను ఒప్పుకోను. బిషప్ హిల్ నుండి స్వీడన్‌కు వెళ్ళిన ఉత్తరాలు, అక్కడ ఇమడలేక బయటపడి గేల్స్‌బర్గ్, మోలిన్, ఆండోవర్ వంటి పక్క ఊళ్ళకు చెదిరిన కుటుంబాలు కలిసి, ఇల్లినాయ్ వాయవ్య భాగాన్ని ముప్ఫై ఏళ్ళపాటు స్వీడిష్ వలసకు ప్రధాన ద్వారంగా మార్చాయి. కవి కార్ల్ శాండ్‌బర్గ్ 1878లో పుట్టింది ఆ గేల్స్‌బర్గ్‌లోనే, స్వీడన్ నుండి వచ్చిన ఒక రైల్వే కమ్మరిశాల పనివాని ఇంట్లో.

ఇప్పుడు మిన్నెసోటాకు వద్దాం. సెయింట్ క్రోయి నదికి, మిసిసిపీకి నడుమ ఉన్న షిసాగో సరస్సుల ప్రాంతానికి 1850 తరువాత స్మోలండ్ రైతులు రావడం మొదలైంది. 1853లో హాన్స్ మాట్సన్ అనే యువకుడు గుడ్‌హ్యూ కౌంటీలో వాసా అనే స్థావరం పెట్టాడు. ఆయన తరువాత రాష్ట్ర ప్రభుత్వం తరఫునా, రైల్వేల తరఫునా స్వీడన్‌లో వలసదారులను కూడగట్టే పనిలో ఉన్నాడు. 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం, అయిదేళ్ళు ఉండి సాగు చేసినవారికి 160 ఎకరాలను నామమాత్రపు రుసుముతో ఇచ్చింది. 1867 నుండి 1869 దాకా స్వీడన్‌లో పంటలు వరుసగా పోయి కరువు వచ్చింది. అక్కడ ఆకలి ముదిరిన సంవత్సరాలలోనే ఇక్కడ మిన్నెసోటా భూములు తెరుచుకుని ఉన్నాయి, రైలుమార్గాలు లోపలికి వేస్తున్నారు. ఇరవై ఏళ్ళు ముందు వచ్చి ఉంటే వారు ఇల్లినాయ్‌లో ఆగేవారు, నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చి ఉంటే షికాగో ఫ్యాక్టరీలో చేరేవారు. అక్కడి సరస్సులు వారికి ఊరిని గుర్తుచేసే ఉంటాయి. కాని ఉత్తరాలలో వారు మళ్ళీ మళ్ళీ రాసింది నేల గురించి, కూలి రేట్ల గురించి, ఎవరికీ టోపీ తీసి వంగి నిలబడనక్కరలేదన్న సంగతి గురించి.

ఆ భూమి ఖాళీగా పడి ఉన్నది కాదు. ఈ మాట చెప్పకుండా ఊళ్ళ పేర్లు మాత్రమే చదివితే చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది. షిసాగో ప్రాంతం 1837 ఒప్పందాల ద్వారా, మిసిసిపీకి పడమటి నేల 1851 ఒప్పందాల ద్వారా అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే, డకోటా ప్రజల చేతుల నుండి పోయింది. ఒప్పుకున్న చెల్లింపులు సమయానికి అందక, ఆకలితో అలమటించిన డకోటాలు 1862 ఆగస్టులో తిరగబడ్డారు. ఆ యుద్ధంలో సరిహద్దు సాగుబడిలో ఉన్న స్వీడిష్ కుటుంబాలు కొన్ని పిల్లాపాపలతో సహా హతమయ్యాయి. అదే ఏడాది డిసెంబరు 26న మాంకాటో పట్టణంలో 38 మంది డకోటా పురుషులను ఒకేసారి ఉరితీశారు, మిగిలినవారిని రాష్ట్రం నుండే వెళ్ళగొట్టారు. స్వీడన్‌లో భూమి లేక బయలుదేరిన నిరుపేద మిన్నెసోటాలో భూస్వామి కావడానికి, మరొక జాతి తన సొంత నేల మీదనే నిలువనీడ కోల్పోవడం కారణమైంది. ఆ రైతు దుర్మార్గుడని నేను అనడం లేదు, అతనికి ఆ ఒప్పందాల సంగతి బహుశా తెలియను కూడా తెలియదు. అయినా ఆ రెండు సంగతులనూ పక్కపక్కనే ఉంచి చదవవలసిందే.

వాతావరణ సిద్ధాంతానికి అడ్డు నిలిచే ఊళ్ళ గురించి మొదట్లో అన్నాను. వాటిలో మొదటిది టెక్సస్. స్మోలండ్‌కు చెందిన స్వెన్ మాగ్నస్ స్వెన్సన్ 1838లో, టెక్సస్ ఇంకా స్వతంత్ర గణతంత్రంగా ఉన్న రోజులలో, అక్కడికి చేరి వ్యాపారంలో, భూములలో ఎదిగాడు. 1848లో తన సొంత పరిసరాల నుండి 25 మందిని రప్పించాడు. ప్రయాణ ఖర్చు తాను పెట్టుకుని, వచ్చినవారు కొంతకాలం పని చేసి తీర్చుకునే ఏర్పాటు చేశాడు. తీర్చుకున్నవారు భూమి సంపాదించి తమవారిని పిలిపించుకున్నారు. ఆ విధంగా ఆస్టిన్ చుట్టూ రౌండ్ రాక్, హట్టో, ఎల్గిన్, న్యూ స్వీడన్ ప్రాంతాలలోని నల్లరేగడిలో స్మోలండ్ రైతులు పత్తి పండించారు. నల్లరేగడి వేసవి ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ఎండలోకి వారిని నడిపించింది ఒక్క మనిషి పంపిన టికెట్టు.

రెండవది కాన్సాస్. 1868లో షికాగోలోని స్వీడన్‌వారు కొందరు ఒక వ్యవసాయ కంపెనీగా ఏర్పడి, స్మోకీ హిల్ నది లోయలో రైల్వే సంస్థ నుండి 13 వేలకు పైగా ఎకరాలు కొన్నారు. మరుసటి ఏడాది వెర్మ్‌లండ్ నుండి ఓలోఫ్ ఉల్సన్ అనే పాస్టరు తన సంఘస్థులతో వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. ఆ ఊరే లిండ్స్‌బోర్గ్. కలప దొరకని ఆ మైదానంలో మొదట మట్టిగడ్డలతోనూ, గట్లు తవ్వుకుని చేసిన గుంతలతోనూ ఇళ్ళు కట్టుకున్నారు. ఆ స్థితిలో ఉన్నవారు 1881లో బెథనీ కాలేజీ పెట్టారు, 1882 నుండి హాండెల్ స్వరపరచిన మెస్సయా సంగీతాన్ని ఏటా ఊరంతా కలిసి పాడుతున్నారు. పొలాల్లో దుక్కి దున్నే రైతులు, వారి భార్యలు ఇంత కష్టమైన సంగీతాన్ని సాధన చేసి నిలిపారన్నది నాకు ఎన్నిసార్లు తలచుకున్నా గౌరవం కలిగించే విషయం.

మూడవది మెయిన్ రాష్ట్రం. ఇక్కడ చలి కావలసినంత ఉంది, అయినా వలసకు కారణం చలి కాదు. సొంత యువకులు పడమటి రాష్ట్రాలకు తరలిపోతుంటే దిగులుపడిన ఆ రాష్ట్ర ప్రభుత్వం, లింకన్ కాలంలో గోథెన్‌బర్గ్‌లో రాయబార కార్యాలయ అధికారిగా పనిచేసిన విలియం విడ్జరీ థామస్ సలహా మీద, ఒక్కొక్క కుటుంబానికి 100 ఎకరాలు ఇస్తామని ప్రకటించింది. థామస్ స్వయంగా స్వీడన్ వెళ్ళి, పురుషులు 22, స్త్రీలు 11, పిల్లలు 18, మొత్తం 51 మందిని తీసుకుని 1870 జులైలో ఆరూస్టుక్ కౌంటీ అడవికి చేరాడు. వారు స్థిరపడిన చోటికి పక్కనే స్టాక్‌హోమ్ అనే ఊరు కూడా వెలసింది. బంగాళాదుంప పంట వారికి జీవనాధారమైంది.

ఈ చెదిరిన ఊళ్ళను ఒకదానితో ఒకటి కలిపి ఉంచిన సంస్థ చర్చి. 1860లో ఏర్పడిన ఆగస్టానా లూథరన్ సినడ్ అనే చర్చిల సమాఖ్య, కొత్తగా స్వీడిష్ ఊరు పుట్టిన ప్రతిచోటికీ పాస్టరును పంపడానికి ప్రయత్నించింది. ఇల్లినాయ్‌లోని రాక్ ఐలండ్‌లో ఆగస్టానా కాలేజీ, మిన్నెసోటాలో గస్టేవస్ అడాల్ఫస్ కాలేజీ ఆ వర్గం పెంచినవే. ఆండోవర్‌లోని మొదటి చర్చి కట్టడానికి విఖ్యాత గాయని యెన్నీ లిండ్ అమెరికా పర్యటనలో 1,500 డాలర్లు ఇచ్చింది. చర్చి పత్రిక చదివి, ఫలానా కౌంటీలో పాస్టరు ఉన్నాడని తెలిసి అక్కడికే వెళ్ళిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ సినడ్‌కు మన నేలతోనూ ఒక నిజమైన సంబంధం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకాలలో ఆగస్టానా సినడ్ పంపిన మిషనరీలు గోదావరి జిల్లాలకు వచ్చి, రాజమండ్రి కేంద్రంగా నడిచిన లూథరన్ మిషన్‌లో పనిచేశారు. ఇల్లినాయ్, మిన్నెసోటా, కాన్సాస్ పొలాల్లోని స్వీడిష్ కుటుంబాలు ఆదివారం చందా వేసిన డబ్బు ఆ బడులకు, ఆసుపత్రులకు చేరింది. గుంటూరు, రాజమండ్రి మిషన్ల సంఘాలు కలిసి 1927లో ఆంధ్ర ఎవాంజిలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడ్డాయి.

1880ల నాటికి పరిస్థితి మారింది. ఆ ఒక్క దశకంలోనే మూడు లక్షలకు పైగా స్వీడిష్ జనం అమెరికాకు వచ్చారు. అయితే మంచి నేల చాలావరకు అయిపోయింది, వచ్చేవారు కూడా కుటుంబాలతో కాక ఒంటరి యువతీ యువకులుగా రాసాగారు. వారికి కావలసింది నేల కంటే ముందు జీతం. అందుకే పటం నగరాల వైపు జరిగింది. షికాగోలో నది ఉత్తరాన ఉన్న స్వీడ్ టౌన్ 1871 అగ్నిప్రమాదంలో కాలిపోయినా, ఆ నగరాన్ని మళ్ళీ కట్టే పనిలో స్వీడిష్ వడ్రంగులకు చేతినిండా పని దొరికింది. శతాబ్దం మారేనాటికి, పిల్లలను కూడా కలుపుకుంటే, స్టాక్‌హోమ్ తరువాత ప్రపంచంలో స్వీడన్‌వారు అత్యధికంగా ఉన్న నగరం షికాగోనే. తరువాత వారు ఉత్తరంగా ఆండర్సన్‌విల్ వైపు జరిగారు. మిన్నియాపొలిస్‌లో పిండిమరలు, రంపపు మిల్లుల దగ్గరి సీడర్ అవెన్యూ, సెయింట్ పాల్‌లో రైలుపట్టాల పక్క లోయలోని స్వీడ్ హాలో కొత్తగా వచ్చినవారికి మొదటి మజిలీలు. స్వీడ్ హాలోలోని పాత ఇళ్ళను 1956లో నగరపాలకులు తగలబెట్టించారు.

పని తెలిసిన చేతులు పని ఉన్న ఊరికి వెళ్ళాయనడానికి మూడు పట్టణాలు చాలు. ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌కు 1850లలో రైలుమార్గం ఆ ఊరితో ఆగిపోయేది గనుక స్వీడన్‌వారు అక్కడ దిగారు. దిగినవారు తరువాత సొంత పెట్టుబడులు కూడగట్టి కుర్చీలు, బల్లల వంటి ఫర్నిచర్ తయారీ సహకార కంపెనీలు, యంత్ర పనిముట్ల ఫ్యాక్టరీలు నడిపారు. న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్ కూడా కుర్చీలు, బల్లల పట్టణమే. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో తీగలు లాగే మిల్లులకు స్వీడన్ ఇనుప ప్రాంతాల పనివారు, సానరాళ్ళ ఫ్యాక్టరీకి స్వీడన్‌లోని హోగనెస్ ఊరి కుమ్మరి పని తెలిసినవారు వచ్చారు. ఒక మేస్త్రీ ముందు వచ్చి కుదురుకుంటే, అతని ఊరి కుర్రవాళ్ళు అదే షెడ్డులో చేరేవారు.

స్త్రీల దారి ఇంకొకటి, దానిని చరిత్ర పుస్తకాలు తగినంతగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు. షికాగో, మిన్నియాపొలిస్, న్యూయార్క్, బాస్టన్ నగరాలలో సంపన్నుల ఇళ్ళలో వంటకు, ఇంటిపనికి స్వీడిష్ అమ్మాయిలకు మంచి గిరాకీ ఉండేది. భోజనం, వసతి యజమాని ఇంట్లోనే గనుక వారి జీతం దాదాపు మొత్తం మిగిలేది. ఆ డబ్బే చెల్లెలికి, తమ్ముడికి ముందే కొన్న ఓడ టికెట్టుగా స్వీడన్‌కు వెళ్ళేది. షికాగోలో వంటగది వెనుక గదిలో ఉన్న ఒక పిల్ల నిర్ణయంతో కుటుంబమంతా షికాగోవారైన ఉదాహరణలు అనేకం.

పడమటి తీరానికి వచ్చినవారిలో చాలామంది స్వీడన్ నుండి నేరుగా రాలేదు. ఉత్తర రైలుమార్గాలు 1883 నుండి పసిఫిక్ వైపు తెరుచుకున్నాక, మిన్నెసోటాలో ఒకసారి నిలదొక్కుకున్నవారే మళ్ళీ కదిలారు. సియాటిల్ పరిసరాలలో కలప మిల్లులు, చేపల పడవలు వారికి పని ఇచ్చాయి. స్వీడన్‌లో పుట్టిన డాక్టర్ నిల్స్ యోహాన్సన్ 1910లో అక్కడ స్వీడిష్ హాస్పిటల్ స్థాపించారు. 1887లో వచ్చి ఎన్నో పనులు చేసి, క్లోన్‌డైక్ బంగారు గనులలో కొంత సంపాదించిన జాన్ నార్డ్‌స్ట్రమ్ 1901లో సియాటిల్‌లో పెట్టిన చెప్పుల దుకాణమే నేటి పెద్ద వస్త్రవ్యాపార సంస్థ. కాలిఫోర్నియాలోని కింగ్స్‌బర్గ్‌కు 1886లో వచ్చినవారు మిషిగన్‌లోని ఇష్పెమింగ్ ఇనుప గనుల నుండి బయలుదేరిన స్వీడిష్ కుటుంబాలు. గనిలోంచి ద్రాక్షతోటలోకి వారు కలిసికట్టుగానే నడిచారు.

1910 జనాభా లెక్కలలో స్వీడన్‌లో పుట్టినవారే 6 లక్షల 65 వేల మంది తేలారు. వారి పిల్లలను కలుపుకుంటే సుమారు 14 లక్షలు. అప్పటి స్వీడన్ జనాభా 55 లక్షలు మాత్రమేనని గుర్తుంచుకుంటే, అక్కడి పార్లమెంటు ఎందుకు కలవరపడి 1907లో వలసపై ప్రత్యేక విచారణ వేయించిందో అర్థమవుతుంది. తరువాత మొదటి ప్రపంచ యుద్ధం, 1924 వలస చట్టం, ఆ వెనుక ఆర్థిక మాంద్యం ఈ ప్రవాహాన్ని ఆపేశాయి. వెళ్ళినవారిలో అయిదింట ఒక వంతు దాకా తిరిగి స్వీడన్ చేరారన్నది కూడా మరువరాదు.

2000 నాటి లెక్కలలో స్వీడిష్ మూలాలు చెప్పుకున్నవారు సుమారు 40 లక్షలు. మిన్నెసోటాలో దాదాపు ప్రతి పదిమందిలో ఒకరు. సంఖ్యలో కాలిఫోర్నియా దాని వెనుకే ఉన్నా, అక్కడ వారి ఊళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే, ఎందుకంటే మూడవ తరం ఉద్యోగాల కోసం ఎవరికి వారుగా కదిలింది. ఆండర్సన్‌విల్‌లో మ్యూజియం, కొన్ని గుర్తులు మిగిలాయి గాని నివసించేవారు చాలావరకు వేరే. షిసాగో, ఐసాంటీ కౌంటీలలో మాత్రం మొదటి తరం పేర్లు ఇప్పటికీ పొలాల తపాలా పెట్టెల మీద ఉన్నాయి. షిసాగో కౌంటీలోని లిండ్‌స్ట్రమ్ ఊరిపేరుపై ఉండవలసిన రెండు చుక్కలను రహదారుల శాఖ బోర్డులపై తీసివేస్తే జనం ఊరుకోలేదు, 2015లో గవర్నరు ఆదేశించి మళ్ళీ పెట్టించవలసి వచ్చింది.

మోర్మన్ మతం స్వీకరించి యూటా చేరిన స్వీడిష్ కుటుంబాల గురించి నేను ఈ రోజు మాట్లాడలేదు. వారిని నడిపినవి భూమి, ఉత్తరాలు కావు, మతబోధకుల పిలుపు. ఆ సంగతి విడిగా, తీరికగా చెప్పుకోదగినది. మీ ప్రశ్నలు ఉంటే ఇప్పుడు అడగండి.